వాగు ఇసుకకు అంకెలు ఎంచుకోవడం: ఒక వంతెన పునాది మోడల్ డైరీ

ములుగు జిల్లాలో ఏటూరునాగారం వైపు, గోదావరిలో కలిసే ఒక వాగు మీద చిన్న వంతెన. దాని అబట్‌మెంట్ (వంతెన చివర మోసే గోడ) పునాది వెడల్పు 3 మీటర్లు, పొడవు 8 మీటర్లు. వాగు అడుగు నుంచి 1.5 మీటర్ల లోతున కూర్చుంటుంది. చుట్టూ కర్టెన్ గోడ (వరద కోత నుంచి కాపాడే లోతు గోడ), అప్రాన్ (వాగు అడుగున పరిచే గట్టి పరుపు) ఉంటాయి. పునాది కింద పడే ఒత్తిడి 200 కిలోపాస్కల్. ఎండాకాలంలో నీళ్లు వాగు అడుగుకు ఒక మీటరు కింద ఉంటాయి.

కంప్యూటర్‌లో కట్టే ఈ పునాది మోడల్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పునాది ఎంత కుంగుతుంది? వరదలో పై ఇసుక ఒక మీటరు కొట్టుకుపోతే పరిస్థితి ఏమిటి? ఈ రెండూ ముందే తేల్చుకోవడం అవసరం. ఇసుకకు ‘ఘర్షణ కోణం (గింజల రాపిడి బలానికి కొలత) ఇంత, స్టిఫ్‌నెస్ (నొక్కితే కుంగకుండా నిలిచే గట్టితనం) ఇంత’ అని ఒకే అంకె ఉండదు. ఎంత గట్టిగా కూరుకుని ఉంది, ఎంత ఒత్తిడి కింద ఉంది అన్న రెండింటి మీదే ప్రతి అంకె ఆధారపడుతుంది. అందుకే ఈ డైరీలో ప్రతి పారామితి పక్కనా అది ఏ సాంద్రత దగ్గర, ఏ ఒత్తిడి దగ్గర తీసిందో రాస్తున్నాం.

పునాది అడుగున, అంటే 1.5 మీటర్ల లోతున, నిలువు ఎఫెక్టివ్ ఒత్తిడి (నీటి ఒత్తిడి తీసేశాక గింజలు మోసేది) 22 కిలోపాస్కల్. వెడల్పుకు రెండింతలు కిందికి, 7.5 మీటర్ల దగ్గర, 81. పక్క ఒత్తిడి ఇందులో సుమారు 0.4 వంతు. పునాది భారం కలిశాక కూడా కుంగుబాటుకు కారణమయ్యే మట్టిలో పక్క ఒత్తిడి చాలావరకు 10 నుంచి 100 కిలోపాస్కల్ మధ్యే ఉంటుంది. పరీక్షలు ఈ పరిధికి దగ్గరగా చేయాలి. 400 కిలోపాస్కల్ దగ్గర తీసిన అందమైన గ్రాఫ్ ఈ పునాదికి పనికిరాదు.

నమూనా ఎక్కడి నుంచి

ట్రాక్టర్ కుప్పలోంచి తెచ్చిన ఇసుక వద్దు. కుప్ప పోసేటప్పుడు దొడ్డు గింజలు అంచులకు జారతాయి, సన్నవి మధ్యలో నిలుస్తాయి. పునాది మట్టం దాకా గుంత తవ్వి, ప్రతి అర మీటరుకు ఒక సంచి చొప్పున తీశాం. ల్యాబులో ఆరబెట్టి, కుప్ప చేసి, నాలుగు భాగాలుగా కోసి, ఎదురెదురు భాగాలు కలుపుతూ తగ్గించుకుంటూ వచ్చాం.

ఇక్కడి వాగుల్లో ఒక సంగతి గమనించాలి. ఇసుక తోడిన పాత గుంతలు వరదకు మళ్లీ నిండుతాయి. పైకి చూస్తే అంతా ఒకే ఇసుక. లోపల మాత్రం ఆ గుంత నిండిన చోట వదులుగా ఉంటుంది, మధ్యలో ఒండ్రు పొర కూడా దొరకొచ్చు. ఒక బోరులో 3 మీటర్ల దగ్గర ఎన్ విలువ (గొట్టాన్ని నిర్ణీత లోతు దించడానికి పట్టే సుత్తి దెబ్బల సంఖ్య) 6 వచ్చింది. మిగతా బోర్లలో అదే లోతున 14 ఉంది. ఈ రెండింటి సగటు తీసి మోడల్‌లో పెడితే వాగులో ఎక్కడా లేని ఇసుక తయారవుతుంది. 6 వచ్చిన చోటును వేరే పొరగా గుర్తించి, అక్కడ తవ్వి పొరలు పొరలుగా దిమ్మిస చేయాలని డ్రాయింగులో రాయించాం. మోడల్‌లోకి వెళ్లింది మిగతా ఇసుకే.

జల్లెడ, గింజ

జల్లెడ ఫలితం: డీ10 = 0.28 మి.మీ., డీ30 = 0.45, డీ60 = 0.75 (బరువులో 10, 30, 60 శాతం గింజలు ఈ సైజుల కంటే సన్నవి). యూనిఫార్మిటీ కోఎఫిషెంట్ 2.7, కర్వేచర్ 0.96. 75 మైక్రాన్ల కిందికి దిగింది 1.5 శాతం. భారత ప్రమాణం ఐఎస్ 1498 ప్రకారం ఇది ఎస్‌పీ, అంటే దాదాపు ఒకే సైజు గింజలున్న ఇసుక. స్పెసిఫిక్ గ్రావిటీ 2.65.

భూతద్దం కింద పెడితే క్వార్ట్జ్ ఎక్కువ, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ కొంత. మూలలు పూర్తిగా అరగలేదు. ఇది చిన్న విషయం కాదు. క్రిటికల్ స్టేట్ కోణం (ఇసుక ఉబ్బడం, కుదించుకోవడం ఆగి జారుతూనే ఉన్నప్పటి ఘర్షణ కోణం) సాంద్రత మీద ఆధారపడదు, గింజ ఖనిజం మీదా ఆకారం మీదా ఆధారపడుతుంది. శుద్ధ క్వార్ట్జ్ ఇసుకకు అది 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ పెరిగేకొద్దీ పైకి పోతుంది.

సాంద్రత: అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి

ఐఎస్ 2720 పార్ట్ 14 పద్ధతిలో కనిష్ఠ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.45 గ్రాములు, వైబ్రేటింగ్ టేబుల్ మీద గరిష్ఠం 1.75. అంటే వాయిడ్ రేషియో (ఖాళీల ఘనపరిమాణానికీ గింజల ఘనపరిమాణానికీ నిష్పత్తి) గరిష్ఠం 0.83, కనిష్ఠం 0.51. రెండింటి మధ్య దూరం సుమారు 0.3 మాత్రమే. ఈ ఇరుకే అసలు ఇబ్బంది. సాంద్రత కొలవడంలో 0.02 గ్రాముల తేడా వస్తే రిలేటివ్ డెన్సిటీ (వదులు, గట్టి హద్దుల మధ్య ఇసుక ఎక్కడుందో చెప్పే శాతం) 6, 7 శాతం మారిపోతుంది. కనిష్ఠ సాంద్రత తీసేటప్పుడు గరాటు మూతి ఇసుక మీదికి అంగుళం ఎత్తున నిలకడగా తిప్పాలి. అచ్చు అంచు గీసేటప్పుడు బల్లకు చేయి తగిలినా ఇసుక కుదురుకుంటుంది, అంకె చెడుతుంది.

వాగులో ఉన్న సాంద్రతను నేరుగా కొలవడం కష్టం. నీటి కింద ఇసుక చెక్కుచెదరకుండా పైకి రాదు. కాబట్టి ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) ఎన్ విలువ మీద ఆధారపడ్డాం. 3, 4.5, 6 మీటర్ల దగ్గర 14, 16, 14 దెబ్బలు వచ్చాయి.

ఎన్ విలువ తీసే చోటే రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. మొదటిది, బోరులో నీటి మట్టం పడిపోనివ్వడం. బెయిలర్ గబుక్కున పైకి లాగితే బోరు అడుగున ఇసుక కిందినుంచి ఉబికి వదులైపోతుంది. ఎన్ సగానికి పడొచ్చు. అప్పుడు ‘ఇసుక వదులు’ అని రిపోర్టు వస్తుంది, వదులు చేసింది బోరు పనే. బెంటొనైట్ నీళ్లు బయటి నీటి మట్టం కంటే పైనే ఉండాలి, పరికరం మెల్లగా లాగాలి. రెండోది, ఎన్ 15 దాటితే అదనాన్ని సగం చేసే డైలటెన్సీ (గింజలు జరిగేటప్పుడు ఇసుక ఉబ్బడం) కరెక్షన్. అది నీళ్లు నిండిన సన్న ఇసుకకు, సిల్టుకు సంబంధించినది. డీ10 0.28 మి.మీ. ఉన్న ఈ ఇసుకలో దెబ్బ పడగానే నీళ్లు తప్పుకుంటాయి, ఆ కరెక్షన్ వేయకూడదు.

ఇక లెక్క. 3 మీటర్ల దగ్గర ఎఫెక్టివ్ ఒత్తిడి 36.6 కిలోపాస్కల్. దాన్ని 100కి సర్దే గుణకం, అంటే వర్గమూలంలో 100 బై 36.6, 1.65. రాడ్ పొడవు 4 మీటర్ల లోపు కాబట్టి 0.75. హామర్ శక్తి 60 శాతం అనుకున్నాం. 14 × 0.75 × 1.65 = 17.4. స్కెంప్టన్ 1986లో ఇచ్చిన సంబంధం ప్రకారం సర్దిన ఎన్‌ను 60తో భాగించి వర్గమూలం తీస్తే రిలేటివ్ డెన్సిటీ: 54 శాతం. మిగతా రెండు లోతుల్లో 56, 52. రాడ్ పొడవు గుణకం మరిచిపోతే మొదటి అంకె 62 శాతానికి పోతుంది. పై పొరలోనే ఈ తేడా ఎక్కువ, కుంగుబాటులో ఎక్కువ వాటా కూడా ఆ పొరదే.

మోడల్‌కు 54 శాతం. అంటే వాయిడ్ రేషియో 0.66, పొడి సాంద్రత 1.60, నీళ్లు నిండిన బరువు ఘన మీటరుకు 19.6 కిలోన్యూటన్లు. బలం దగ్గర మాత్రం జాగ్రత్త కోసం 48 శాతం కూడా వేసి చూశాం. అది కింద వస్తుంది.

ట్రైయాక్సియల్ నమూనా చేసే విధానం

ట్రైయాక్సియల్ అంటే రబ్బరు పొర (మెంబ్రేన్) తొడిగిన ఇసుక స్తంభాన్ని నీటి గదిలో (సెల్) పక్కల నుంచి ఒత్తి, పై నుంచి విరిగేదాకా నొక్కే పరీక్ష. నమూనా 50 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. ఎత్తు. ఘనపరిమాణం 196 ఘన సెంటీమీటర్లు, 54 శాతానికి కావలసిన పొడి ఇసుక 314 గ్రాములు. తూచి పెట్టుకుని, ఆ మొత్తం ఖచ్చితంగా ఆ ఎత్తులో ఇమడాలి. మిగలకూడదు, చాలకపోకూడదు.

తడి ఇసుకను పొరలుగా దంచి కూడా నమూనా చేయొచ్చు, కావలసిన సాంద్రత సులువుగా వస్తుంది. కానీ అలా చేసిన ఇసుకలో గింజల అమరిక వాగు పరిచిన అమరికలా ఉండదు. అందుకే పై నుంచి పొడి ఇసుకను వానలా కురిపించే పద్ధతి వాడాం. ఇక్కడ సాంద్రతను పడే ఎత్తు కంటే గరాటు మూతి సైజు ఎక్కువ నడిపిస్తుంది. ధార సన్నగా ఉంటే గింజ గింజకూ కుదురుకునే సమయం దొరుకుతుంది, నమూనా గట్టిగా వస్తుంది. లావు ధారతో పోస్తే వదులు. ఎత్తు ఒకేలా పెట్టి, మూతి మార్చుకుంటూ 1.60 దొరికేదాకా ఖాళీ అచ్చులో ముందు పోసి చూసుకోవాలి.

అచ్చు విప్పే ముందు నమూనా లోపల 15 నుంచి 20 కిలోపాస్కల్ వాక్యూమ్ పెట్టాలి, లేకపోతే అచ్చు తీయగానే కూలిపోతుంది. వాక్యూమ్ ఉండగానే వ్యాసం పైన, మధ్యన, కింద కొలవాలి. మెంబ్రేన్ మందం రెండింతలు తీసేయడం మరవకూడదు. తర్వాత కింది నుంచి కార్బన్ డయాక్సైడ్ మెల్లగా పంపి, గాలి తీసిన నీళ్లు ఎక్కించి, బ్యాక్ ప్రెషర్ (నమూనా లోపలి నీటి ఒత్తిడి) పెంచుకుంటూ బీ విలువ (నీళ్లు ఎంత పూర్తిగా నిండాయో చెప్పే అంకె) 0.95 దాటించాలి. కార్బన్ డయాక్సైడ్ ఎందుకంటే, అది నీటిలో గాలి కంటే చాలా సులువుగా కరుగుతుంది. ఈ మెట్టు దాటేస్తే లోపల గాలి బుడగ మిగులుతుంది. బ్యూరెట్టులో కదిలిన నీళ్లు నమూనా ఉబ్బిన లెక్కకు సరిపోవు, డైలటెన్సీ కోణం తప్పుతుంది.

ఇసుక గింజలు దొడ్డుగా ఉన్నందున సెల్ ఒత్తిడి పెంచినప్పుడు మెంబ్రేన్ గింజల మధ్య గుంటల్లోకి నొక్కుకుంటుంది. అప్పుడు బయటికి వచ్చే నీళ్లలో కొన్ని ఇసుక కుదించుకున్నందువల్ల వచ్చినవి కావు. కన్సాలిడేషన్ దశలో (సెల్ ఒత్తిడి కింద ఇసుక కుదురుకునేటప్పుడు) ఇది సర్దాలి. షియర్ దశలో (పై నుంచి నొక్కేటప్పుడు) సెల్ ఒత్తిడి మారదు కాబట్టి అక్కడ ఈ బెడద ఉండదు. మెంబ్రేన్ బిగుతు వల్ల 5 శాతం స్ట్రెయిన్ (మొదటి ఎత్తులో తగ్గిన వంతు) దగ్గర సుమారు 1.7 కిలోపాస్కల్ అదనంగా చూపిస్తుంది. 50 కిలోపాస్కల్ పరీక్షలో ఇది ఒక శాతం, తీసేశాం.

పరీక్ష అయ్యాక ఇసుక మొత్తం ట్రేలోకి కడిగి, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ తూచాలి. మొదట వేసిన 314 గ్రాములతో సరిపోతేనే ఆ గ్రాఫ్ మీద 54 శాతం అని రాయాలి.

బలం: సరళరేఖ తెచ్చే దొంగ కొహీజన్

డ్రెయిన్డ్ (నీళ్లు బయటికి పోనిచ్చే) పరీక్షల్లో పక్క ఒత్తిడి 50, 100, 200 కిలోపాస్కల్ దగ్గర విరిగినప్పటి నిలువు ఒత్తిడులు వరసగా 220, 424, 808. ఒక్కో పరీక్షకు కొహీజన్ (ఒత్తిడి లేకున్నా గింజలు అంటుకుని ఉండే బలం) సున్నా అనుకుని కోణం తీస్తే 39.0, 38.2, 37.1 డిగ్రీలు. ఒత్తిడి పెరిగేకొద్దీ కోణం తగ్గింది. ఇది పరీక్ష లోపం కాదు. ఒత్తిడి పెరిగితే గింజలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉబ్బడం కష్టమవుతుంది. సాంద్రత, ఒత్తిడి నుంచి కోణం చెప్పే బోల్టన్ 1986 సూత్రంతో 54 శాతానికి వేస్తే 38.6, 38.1, 37.0 వచ్చాయి. పరీక్షల మీద నమ్మకం కుదిరింది.

ఈ మూడు బిందువుల గుండా అలవాటు ప్రకారం ఒక సరళరేఖ గీస్తే ఏమవుతుందో చూడండి. కోణం 36.3 డిగ్రీలు, కొహీజన్ 7 కిలోపాస్కల్ వస్తాయి. బంకమన్ను చిటికెడు లేని ఇసుకకు కొహీజన్ 7! వంగిన గీతను నిటారు చేసినందుకు వచ్చిన అంకె ఇది, ఇసుకలో లేదు. రిపోర్టుల్లో ఇసుకకు ‘సీ = 5 నుంచి 10’ అని కనిపించేది చాలావరకు ఇలా వచ్చిందే. డైరెక్ట్ షియర్ పెట్టెలోనైతే దీనికి పెట్టె రెండు సగాల మధ్య రాపిడి కూడా కలుస్తుంది. మధ్యలో సందు సరిగ్గా ఇవ్వకపోతే గింజ ఇరుక్కుని కొహీజన్ ఇంకా పెరుగుతుంది.

7 కిలోపాస్కలే కదా అనుకోవడానికి లేదు. ఆ రేఖను 10 కిలోపాస్కల్ పక్క ఒత్తిడి దగ్గరికి పొడిగిస్తే, కొహీజన్ లేని లెక్కలో అది దాదాపు 48 డిగ్రీల ఇసుకతో సమానం. మన పునాది అంచుల దగ్గర ఒత్తిడి సరిగ్గా అంతే. వరదలో మీటరు ఇసుక పోయిన స్థితికి బేరింగ్ కెపాసిటీ (పునాది కింద ఇసుక విరగకుండా మోయగల గరిష్ఠ ఒత్తిడి) లెక్క వేస్తే, 36.3 డిగ్రీలు, 7 కిలోపాస్కల్‌తో వచ్చే 1,425 కిలోపాస్కల్‌లో 364 ఆ కొహీజన్ ఒక్కటే ఇస్తుంది. మొత్తంలో పావు వంతు. పై ఇసుక పోయి బలం కావలసిన వేళే ఈ లేని బలం ఎక్కువ కనిపిస్తుంది. అందుకే కొహీజన్‌ను పారామితిగా ఒప్పుకోలేదు. లెక్క సాఫీగా నడవడానికి 0.3 మాత్రం ఇచ్చాం.

కోణం ఎంత? 10 నుంచి 100 పరిధికి 38, 39 కూడా వేయొచ్చు. కానీ వాగంతా 54 శాతం కాదు. 48 శాతానికి, తక్కువ ఒత్తిడి దగ్గర బోల్టన్ లెక్క 37.7 ఇస్తుంది. 37.5 ఖాయం చేశాం. పొడవు వెడల్పుకు 2.7 రెట్లే కాబట్టి ప్లేన్ స్ట్రెయిన్ (పొడవు దిశలో కదలిక లేని స్థితి) అని చెప్పి ఇంకో రెండు మూడు డిగ్రీలు కలపలేదు.

క్రిటికల్ స్టేట్ కోణానికి వదులుగా, 20 శాతం డెన్సిటీతో ఒక నమూనా చేసి 20 శాతం స్ట్రెయిన్ దాకా నొక్కాం. గ్రాఫ్ చదునైన చోట 33.5 డిగ్రీలు. గట్టి నమూనాలో దీన్ని వెతకొద్దు, అందులో ఒక పట్టీ వెంట ఇసుక విడిపోతుంది, తర్వాతి కొలతలు నమూనా మొత్తానికి చెందవు.

డైలటెన్సీ కోణం

100 కిలోపాస్కల్ పరీక్షలో శిఖరం దగ్గర వాల్యూమ్ గీత వాలు 0.24. దాన్ని 2.24తో భాగిస్తే సైన్ విలువ 0.107, కోణం సుమారు 6 డిగ్రీలు. ఘర్షణ, క్రిటికల్ స్టేట్ కోణాల నుంచి డైలటెన్సీ చెప్పే రో సంబంధం ప్రకారం 37.5, 33.5 డిగ్రీలకు 4.9. పాత అలవాటు ‘ఘర్షణ కోణంలోంచి 30 తీసేయి’ అంటే 7.5 అవుతుంది, ఎక్కువ. 5 డిగ్రీలు తీసుకున్నాం. మోడల్‌లో కట్-ఆఫ్ (ఉబ్బడం ఆగే హద్దు) కూడా పెట్టాలి: మొదటి వాయిడ్ రేషియో 0.66, గరిష్ఠం 0.83. పెట్టకపోతే ఇసుక అంతులేకుండా ఉబ్బుతూనే ఉంటుంది. పునాది లాంటి చోట, చుట్టూ ఇసుక కదలనివ్వనప్పుడు, ఆ ఉబ్బు తిరిగి ఒత్తిడిగా మారి బలం పెంచి చూపిస్తుంది.

స్టిఫ్‌నెస్

ఇసుక ప్రవర్తనకు సరళమైన మోర్-కూలంబ్ మోడల్ ఎందుకు వద్దనుకున్నామంటే, అందులో స్టిఫ్‌నెస్ విలువ ఒక్కటే. నొక్కినా, వదిలినా, పైనా, కిందా అదే. ఇసుకలో లోతు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది, వదిలేటప్పుడు మూడు రెట్లవుతుంది. కుంగుబాటు ప్రశ్నకు ఇవి రెండూ ముఖ్యం. అందుకే ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకునే హార్డెనింగ్ సాయిల్ స్మాల్ మోడల్ వాడాం.

బలంలో సగం చేరినప్పటి వాలు, ఈ50: 50 కిలోపాస్కల్ దగ్గర 20 మెగాపాస్కల్, 100 దగ్గర 28.5, 200 దగ్గర 41. ఒత్తిడి నాలుగు రెట్లయితే స్టిఫ్‌నెస్ రెండు రెట్ల పైన కొద్దిగా. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో వాలు 0.52, అదే ఎం విలువ (ఒత్తిడితో స్టిఫ్‌నెస్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతం).

ఈ అంకెలు రావడానికి ముందు స్ట్రెయిన్ సరిచేయాలి. సెల్ బయట పెట్టిన డయల్ గేజి నమూనా కుంగుబాటుతోపాటు పై మూత ఇసుక మీద కుదురుకోవడాన్నీ, లోడ్ సెల్ వంగడాన్నీ కలిపి చూపిస్తుంది. 100 కిలోపాస్కల్ పరీక్షలో సగం బలం దగ్గర స్ట్రెయిన్ 0.57 శాతం, అంటే 100 మి.మీ. నమూనాలో అర మిల్లీమీటరు పైచిలుకు. ఇందులో 0.1 మి.మీ. తప్పు దూరినా స్టిఫ్‌నెస్ సుమారు 15 శాతం పడిపోతుంది. నమూనా స్థానంలో స్టీలు దిమ్మె పెట్టి యంత్రం వంపు కొలిచి తీసేయాలి. గ్రాఫ్ మొదట్లో కనిపించే వంకరను, సరళంగా ఉన్న భాగాన్ని వెనక్కి పొడిగించి సున్నాకు జరపాలి. ఈడోమీటర్‌కూ (పక్కలు కదలని ఉంగరంలో ఇసుకను నొక్కే పరీక్ష) ఇదే నియమం, అక్కడ 20 మి.మీ. ఇసుకే కాబట్టి ఇంకా కచ్చితంగా. ఈడోమీటర్ విలువ 100 కిలోపాస్కల్ నిలువు ఒత్తిడి దగ్గర టాంజెంట్: 27 మెగాపాస్కల్. ఈ50కి పక్క ఒత్తిడి 100, దీనికి నిలువు ఒత్తిడి 100. రెండూ కలిపేస్తే తప్పు.

వదిలి మళ్లీ నొక్కిన చుట్టు నుంచి ఈయూఆర్ 88. పాయిజాన్ రేషియో (నిలువు కుదింపుకు పక్కకు ఉబ్బే వంతు) 0.2.

చిన్న స్ట్రెయిన్ స్టిఫ్‌నెస్ (జీ0) కొలిచే బెండర్ ఎలిమెంట్ (నమూనాలోంచి షియర్ తరంగం పంపే పరికరం) లేకపోతే హార్డిన్ సూత్రాలు వాడొచ్చు. వాయిడ్ రేషియో 0.66, సగటు ఒత్తిడి 100 దగ్గర గుండ్రటి గింజలకు 95, మూలలున్న గింజలకు 104 మెగాపాస్కల్. బ్రింక్‌గ్రేవ్, సహచరులు 2010లో ఇచ్చిన 60 + 68 × రిలేటివ్ డెన్సిటీ అనే సంబంధం 97 ఇస్తుంది. 97 తీసుకున్నాం, అంటే షియర్ తరంగ వేగం సెకనుకు 220 మీటర్లు. గామా 0.7 (చిన్న స్ట్రెయిన్ స్టిఫ్‌నెస్ సుమారు 70 శాతానికి పడే స్ట్రెయిన్) విలువ 0.000146. అదే సంబంధాల్లో ఈ50 60 × 0.54 = 32 వస్తుంది, మన పరీక్ష 28.5. ఘర్షణ కోణం మాత్రం అవి 34.8 ఇస్తాయి, మన ఇసుకకు తక్కువ. పరీక్షలు లేని దశలో ఈ సంబంధాలు మంచి ఆసరా. పరీక్ష ఉన్నప్పుడు సరిచూసుకోవడానికి మాత్రమే.

ఖాయం చేసిన సెట్ (డెన్సిటీ 54 శాతం, రిఫరెన్స్ ఒత్తిడి 100 కిలోపాస్కల్)

ఈ50 28.5, ఈడోమీటర్ 27, ఈయూఆర్ 88, జీ0 97 మెగాపాస్కల్, ఎం 0.52, గామా 0.7 విలువ 0.000146, ఘర్షణ కోణం 37.5, డైలటెన్సీ 5 డిగ్రీలు, కొహీజన్ 0.3 కిలోపాస్కల్, కే0 (పక్క ఒత్తిడికీ నిలువు ఒత్తిడికీ నిష్పత్తి) 0.39, ఫెయిల్యూర్ రేషియో (మోడల్ గీత ఎక్కడ ఆగాలో చెప్పే వంతు) 0.9, బరువు నీటి పైన 17, కింద 19.6 కిలోన్యూటన్లు.

పునాది మోడల్‌కు ముందు ఒకే ఎలిమెంట్

ఈ సెట్‌ను నేరుగా పునాది మోడల్‌లో పెట్టకూడదు. ముందు సాఫ్ట్‌వేర్‌లోనే ట్రైయాక్సియల్ పరీక్ష నడిపి మూడు ల్యాబు గ్రాఫుల మీద పరిచి చూడాలి. 50, 100 దగ్గర బలంలో 70 శాతం దాకా గీతలు బాగా కలిశాయి. 200 దగ్గర మోడల్ బలం కొంచెం ఎక్కువ చూపింది. 37.5 పెట్టినందుకు అది సహజం, మన పరిధి అక్కడ లేదు. శిఖరం దాటాక ల్యాబు గీత కిందికి దిగుతుంది, మోడల్ గీత చదునుగా సాగుతుంది. ఈ మోడల్‌లో మెత్తబడడం లేదు. 200 కిలోపాస్కల్ భారానికి ఇసుక శిఖరానికి చాలా దూరంలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ సరిపోతుంది. గోడ కూలడం, కట్ట జారడం లాంటి ప్రశ్నకైతే వేరే మోడల్ కావాలి.

ఈడోమీటర్ గీత కూడా ఇలాగే సరిచూడాలి. ఈడోమీటర్ విలువ ఈ50 కంటే బాగా తక్కువ ఇస్తే కే0 విలువతో పొసగక సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అప్పుడు చాలామంది కే0ను జరిపేస్తారు. జరపాల్సింది అది కాదు. ఈడోమీటర్ పరీక్షలో యంత్రం వంపు తీశారో లేదో ముందు చూడాలి.

ప్లేట్ లోడ్ పరీక్షతో పోలిక

ఐఎస్ 1888 ప్రకారం 600 మి.మీ. ప్లేటు, 0.8 మీటర్ల లోతున, నీటి మట్టానికి కొద్దిగా పైన. 200 కిలోపాస్కల్ దగ్గర కుంగుబాటు 6.5 మి.మీ. మా సెట్‌తో మోడల్ 6.9 ఇచ్చింది. కొహీజన్ 7, కోణం 36.3 పెడితే 4.4కు పడింది.

పరీక్షకు ముందు గుంత అడుగున నీళ్లు పోసి ఇంకనిచ్చాం. నీటి మట్టం పైన తడి ఇసుక తనంతట తాను పట్టుకుని నిలబడుతుంది, పిల్లలు కట్టే ఇసుక గూడులా. నీళ్లు నిండితే ఆ పట్టు పోతుంది. వానాకాలంలో ఉండేది నీళ్లు నిండిన ఇసుకే. తడి ఇసుక మీదే ప్లేటు పెడితే కుంగుబాటు తక్కువ వచ్చి, దానికి సరిపోయేలా మోడల్‌లో మళ్లీ కొహీజన్ చేర్చే ప్రమాదం ఉంది.

ప్లేటు నుంచి పునాదికి మామూలు సూత్రంతో వెళ్తే గుణకం 1.86, కుంగుబాటు 12 మి.మీ. మోడల్ 15 ఇస్తోంది. ప్లేటు ప్రభావం మీటరు, మీటరున్నర లోతుకే ఆగుతుంది, పునాది కింద నీళ్లు నిండిన ఆరు మీటర్ల ఇసుక పనిచేస్తుంది. 15 నమ్ముతున్నాం.

వరద స్థితి

ఇక్కడ పారామితులు మార్చలేదు, స్థితిని మార్చాం. నీళ్లు పైదాకా వచ్చాయి, మీటరు ఇసుక తీసేశాం. పునాది అడుగున పక్కనున్న ఇసుక ఇచ్చే ఒత్తిడి 22 నుంచి 5 కిలోపాస్కల్‌కు పడింది. చేతి లెక్కలో, పునాదిని పట్టీగా తీసుకుంటే, అంతిమ బేరింగ్ కెపాసిటీ సుమారు 2,060 నుంచి 1,280కి దిగింది. మోడల్‌లో అదనపు కుంగుబాటు పునాది అంచుల దగ్గరే ఎక్కువ, అంచు కింది ఇసుక బయటికి జరుగుతోంది. కర్టెన్ గోడను మోడల్‌లో చేర్చితే ఈ కదలిక చాలావరకు ఆగింది. కాబట్టి గోడ లోతు నిర్ణయించాల్సింది ఈ స్థితి నుంచే.

ఇంకా మిగిలింది

అబట్‌మెంట్ వెనక నింపడానికి రోబో ఇసుక ప్రతిపాదన ఉంది. గ్రానైట్ క్రషర్ నుంచి వచ్చే ఇసుకకు ఈ సెట్ వాడకూడదు. గింజ మూలలు వాడిగా ఉంటాయి, సన్న పొడి ఎక్కువ, క్రిటికల్ స్టేట్ కోణం పైన ఉంటుంది. కానీ మూలలు విరిగి కుదించుకోవడం కూడా ఎక్కువ. దానికి జల్లెడ, గరిష్ఠ కనిష్ఠ సాంద్రతలు, 25, 50, 100 కిలోపాస్కల్ దగ్గర ట్రైయాక్సియల్ వేరుగా చేయాలి. రోలర్ తొక్కాక సైటులో వచ్చే సాంద్రత శాండ్ రీప్లేస్‌మెంట్ పద్ధతిలో (తవ్విన గుంతను సాంద్రత తెలిసిన ఇసుకతో నింపి) కొలిచి, ల్యాబు నమూనాలు ఆ సాంద్రతకే తయారు చేస్తాం. సైటులో తొక్కించే ట్రయల్ పట్టీ ముందు వేయాలి, ఆ అంకె వచ్చేదాకా రోబో ఇసుక పరీక్షలు మొదలుపెట్టం.